ఆడిటర్ కాఫీ తాగకూడదు

సీఏ చదువులో భాగంగా నేను ఆర్టికల్స్ చేసింది విజయవాడ గవర్నర్‌పేటలో, కింద చెప్పుల కొట్టు ఉన్న ఒక పాత మేడ మీద. అక్కడ మా సారు అకౌంటింగ్ కంటే ముందు నేర్పిన పాఠం ఒకటుంది. ఆడిట్‌కి వెళ్లినచోట కాఫీ తాగకూడదు. కాఫీయే కాదు, టీ, మజ్జిగ, బిస్కెట్టు, ఏదీ ముట్టకూడదు. “వాళ్ల కాఫీ తాగి, వాళ్ల బిస్కెట్లు తిని, సాయంత్రం వాళ్లకే తప్పులు రాసివ్వడానికి నీకు మొహం చెల్లుతుందా అమ్మాయ్?” అనేవారు. మే నెల ఎండల్లో నూనె మిల్లులకీ బట్టల కొట్లకీ సంచిలో మంచినీళ్ల సీసాతో తిరిగాను. కూల్‌డ్రింకు తెచ్చిన గుమాస్తాకి చేయి అడ్డం పెట్టి “వద్దండీ” అన్నప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ నియమం నాతోపాటే న్యూజిలాండ్ వచ్చింది. ఆక్లండ్‌లో నాకు ఉద్యోగమిచ్చిన కంపెనీకి దేశమంతటా శీతల గిడ్డంగులున్నాయి. మాంసం, వెన్న, ఐస్‌క్రీం, గడ్డకట్టిన బఠాణీలు అక్కడ నిలవచేసి దుకాణాలకు పంపుతారు. నేను వాళ్ల ఇంటర్నల్ ఆడిటర్ని. అంటే బయటివాళ్లు వచ్చి తప్పులు పట్టుకోకముందే కంపెనీ తన తప్పులు తానే వెతుక్కోవడానికి పెట్టుకున్న మనిషిని. ఒక్కో డిపోకీ వెళ్లి, పనులు రాసుకున్న పద్ధతిలోనే జరుగుతున్నాయో లేదో చూసి, చూసింది రాసివ్వాలి.

ఈ దేశంలో పదింటికి మార్నింగ్ టీ అని ఒకటుంటుంది. డిపో మేనేజరు, పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లు నడిపేవాళ్లు, ఆఫీసులో కూర్చునేవాళ్లు, అందరూ పని ఆపి ఒకే బల్ల చుట్టూ చేరతారు. ఎవరో ఒకరు కేకు చేసి తెస్తారు. ఎవరి కప్పు వాళ్లే కడుక్కుంటారు. నన్నూ పిలిచేవాళ్లు. నేను “థాంక్స్, ఐయామ్ ఫైన్” అనేసి మీటింగ్ రూములో తలుపు వేసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కు విప్పేదాన్ని. గోడ అవతల నవ్వులు వినిపించేవి. నేను రాసిన తప్పులన్నీ నిజమే అయ్యేవి, కానీ వాటిని ఎవరూ ఆనందంగా దిద్దుకునేవాళ్లు కాదు. నా రిపోర్టుకి జవాబు రావడానికి నెలలు పట్టేది.

మా అమ్మాయి స్కూల్లో ఒకసారి వాళ్ల టీచరు, మీ అమ్మానాన్నలు ఏం పని చేస్తారని అడిగిందట. “My mum visits people who don't like her” అని చెప్పింది నా కూతురు. టీచరు ఆ ముక్క నాకు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం పిల్లని పట్టుకుని చెడామడా తిట్టాను.

ఇలా ఉండగా మాకు కొత్త బాస్ వచ్చాడు. ఒక బ్యాంకు నుంచి వచ్చినవాడు, సన్నగా, చురుగ్గా ఉండేవాడు. కుర్చీలో ఎప్పుడూ వెనక్కి ఆనుకోడు. వచ్చీరాగానే మా విభాగాన్ని మార్చేస్తున్నానన్నాడు. ఇకమీదట ఆడిట్ అంతా డేటాతోనే జరుగుతుంది, ఊళ్లు తిరగడం దండగ, డిపోల సంగతి తెర మీదే కనిపిస్తుంది. నా ఉద్యోగం ఆ ఏడాది చివరికల్లా రద్దవుతుంది. దాని బదులు ఇంకో కొత్త ఉద్యోగం పుడుతుంది, దానికి అందరితోపాటు నేనూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. చెప్పే తీరు చాలా మర్యాదగా ఉంది. ఈ దేశంలో మెడ మీద కత్తి పెట్టేటప్పుడు కూడా “హౌ వాజ్ యువర్ వీకెండ్” అని అడుగుతారు.

నాకు అది ఉద్యోగం ఒక్కటే కాదు. మా వీసాలన్నీ దానికే వేలాడుతున్నాయి. మా ఆయన నా వీసా మీదే ఇక్కడున్నారు, చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు చేసుకుంటూ. ఇక్కడే స్థిరపడటానికి రెసిడెన్సీ దరఖాస్తు అప్పుడే పెట్టాం. నా ఉద్యోగం పోతే దరఖాస్తూ పోతుంది, న్యూ లిన్‌లో రైలు స్టేషను పక్కన మేం అద్దెకుంటున్న అపార్ట్‌మెంటూ పోతుంది, మా అమ్మాయి స్కూలూ పోతుంది. ఆ సాయంత్రం రైల్లో వస్తూ కిటికీలో నా మొహమే చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ శనివారమే హాబ్సన్‌విల్‌లో ఒక తెలుగువాళ్ల ఇంట్లో పుట్టినరోజు పార్టీ. కొత్త ఇల్లు, ఇంకా పెయింటు వాసన పోలేదు. బిర్యానీ ప్లేటు పట్టుకుని ఒక ఐటీ ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. “మీ ఫీల్డ్ ఫుల్‌గా ఆటోమేట్ అయిపోతదండీ. ఇంకో ఐదేళ్లు. ఆడిటర్లతో పన్లేదు ఇంక. మీరు వేరే ఏదైనా స్కిల్ నేర్చుకుని సెటిల్ అవ్వడం బెటర్” అన్నాడు, నా మేలు కోరుతున్నట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. “నేర్చుకుంటానండీ. ఆ ఆటోమేట్ చేసే స్కిల్లే నేర్చుకుంటాను” అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు గానీ నేను నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఆయన్ని లేపి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాను. “డేటాబేస్ నుంచి నాక్కావలసింది నేనే లాగడం నేర్పండి” అన్నాను. ఆయన మంచి మనిషే గానీ మంచి మాస్టారు కాదు. రెండు నిమిషాలు చెప్పి కీబోర్డు లాక్కుంటారు. నేను చేతి మీద కొట్టి మళ్లీ లాక్కునేదాన్ని. వారాంతాలన్నీ అలాగే గడిచాయి. ఇడ్లీలు చల్లారిపోయేవి. నెమ్మదిగా అర్థమైందేమిటంటే, ఇది నాకు పూర్తిగా కొత్త విద్యేం కాదు. గవర్నర్‌పేటలో రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని ఒకదాంట్లో ఉన్నది రెండోదాంట్లో ఎందుకు లేదని వెతికేవాళ్లం. ఇక్కడా అదే పని. పుస్తకాలు మాత్రం కనిపించవు.

కొత్త బాస్ నాకొక పరీక్ష పెట్టాడు. అన్ని డిపోల భద్రత మీద డేటాతో ఒక రిపోర్టు తయారుచేయాలి. అది బోర్డు వాళ్ల ఆడిట్ కమిటీ ముందుకు వెళ్తుంది. అది చూశాకే కొత్త ఉద్యోగం నాకివ్వాలో లేదో తేలుస్తానన్నాడు. పని చేసేచోట భద్రత గురించి దేశంలో కొత్త చట్టం వచ్చి, ప్రమాదాలకు తామే జవాబు చెప్పాలని డైరెక్టర్లందరికీ గుండెల్లో రాయి పడ్డ రోజులవి.

బాస్ తయారుచేయించిన తెర మీద ఒక్కో డిపో ఒక్కో రంగులో ఉండేది. ప్రమాదాలు ఎక్కువైతే ఎరుపు, కొన్ని ఉంటే పసుపు, ఏమీ లేకపోతే ఆకుపచ్చ. అన్నిటికంటే పచ్చగా మెరిసేది పామర్‌స్టన్ నార్త్ డిపో. ప్రమాదాలే కాదు, అక్కడ నియర్ మిస్‌లు కూడా లేవు. నియర్ మిస్ అంటే జరగబోయి తప్పిపోయిన ప్రమాదం. పైనుంచి పెట్టె పడింది, కింద ఎవరూ లేరు. అలాంటివి కూడా రాసిపెట్టాలని కంపెనీ రూలు. చాలా డిపోల్లో అవి లెక్కలేనన్ని. ఇక్కడ ఏడాదిగా ఒక్కటీ లేదు. “ఇదే మన ఆదర్శ డిపో. రిపోర్టు దీంతో మొదలుపెట్టు” అన్నాడు బాస్.

నాకు నమ్మకం కుదరలేదు. పిల్లలున్న ఇంట్లో ఏడాదంతా ఒక్క గ్లాసూ పగల్లేదంటే ఎవరు నమ్ముతారు? అందుకని ఇంకోవైపు నుంచి చూశాను. ఆ డిపోలో మరమ్మతులకు పెట్టిన ఆర్డర్లన్నీ లాగాను. పెట్టెలు పేర్చే ఇనుప రాకుల కాళ్లు వంగిపోయాయి, మార్చాలి. మళ్లీ వంగాయి, మళ్లీ మార్చాలి. ఏదో ఒకటి వాటిని గుద్దుతూనే ఉంది. ఏదీ గుద్దుకోని డిపోలో ఇనుము ఎలా వంగుతుంది?

“పాతబడి ఉంటాయి” అన్నాడు బాస్.

“వెళ్లి చూస్తాను” అన్నాను.

“తెర మీద చూడలేనిదేముంది అక్కడ?”

“అదే తెలియదు. తెలిస్తే వెళ్లక్కర్లేదుగా.”

సరే, ఇదే ఆఖరి ప్రయాణం అన్నాడాయన. ప్రయాణాల ఖర్చు తగ్గిస్తానని ఆయన కూడా ఎవరికో మాటిచ్చి ఉంటాడు.

పామర్‌స్టన్ నార్త్ బల్లపరుపుగా ఉంటుంది. ఎటు చూసినా సైకిళ్లు. దూరంగా కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి, ఆ గాలి నేరుగా చెవుల్లోకి కొడుతుంది. డిపోలో అందరూ చాలా మర్యాదగా ఉన్నారు. వాళ్ల మాటలన్నీ ఇంగ్లీషులోనే, నాకు గుర్తున్నవి మాత్రం తెలుగులోనే. ఏది అడిగినా అంతా బాగుందన్నారు. వంగిన కాళ్ల గురించి అడిగితే పాత రాకులన్నారు. గిడ్డంగి లోపల రెండు దారులు కలిసే మలుపొకటి ఉంది. అటునుంచి ఏం వస్తుందో ఇటువాళ్లకి కనిపించదు. అక్కడ నేల మీద టైర్ల గుర్తులు నల్లగా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఇక్కడ ఎప్పుడైనా ఏమైనా అయిందా అని అడిగాను. పక్కనున్న కుర్రవాడు షిఫ్ట్ సూపర్‌వైజర్ వైపు చూశాడు. ఆవిడ “ఏమీ లేదు” అంది.

ఆ సూపర్‌వైజర్ నా వయసు మనిషే. ఎర్రజుట్టు, పెద్ద గొంతు. ఒక్క కేక వేస్తే గిడ్డంగి అవతలి గోడకి వినిపిస్తుంది. పదింటికి టీకి పిలిచింది. నేను మామూలుగానే వద్దన్నాను. ఆవిడ వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి, “మా కప్పులు శుభ్రంగానే ఉంటాయి” అంది.

కోపంగా అనలేదు. అయినా ఆ మాట నన్ను చెంపమీద కొట్టినట్టయింది. ఫలానావాళ్ల ఇంట్లో మంచినీళ్లు తాగం అని ఎవరైనా అంటే దానర్థమేమిటో మన దేశంలో పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా? నా నిజాయితీ అనుకుని ఇన్నాళ్లూ నేను మోసుకుతిరిగిన ఫ్లాస్కు ఆవిడ కళ్లకు అలా కనిపించింది. అలా కాదని చెప్పడానికి నోరు తెరిచేలోపు ఆవిడ వెళ్లిపోయింది. నాకు చాలా బాధేసింది. దాంతోపాటు సారు మీద కోపం కూడా వచ్చింది, పాపం ఆయనేం చేశారని!

సాయంత్రం మోటెల్ నుంచి మా ఆయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

“దీనికింత ఆలోచనేంటి? వెళ్లి టీ తాగు” అన్నారాయన.

“మీకు తెలీదు. ఆడిటర్ అంటే ఒక పద్ధతుంటుంది.”

“మీ సారు తాగొద్దన్నారు, తినొద్దన్నారు. పెట్టొద్దని అన్లేదుగా? సూట్‌కేసులో చేగోడీల డబ్బా ఉందిగా, అది తీసుకెళ్లు.”

“ఆడిటరే లంచమిచ్చినట్టుంటుంది!”

“చేగోడీలకి అమ్ముడుపోయేవాళ్లయితే ఆ ముక్క కూడా రిపోర్టులో రాసెయ్” అని ఫోన్ పెట్టేశారు.

మర్నాడు పదింటికి డబ్బా చంకలో పెట్టుకుని టీ గదిలోకి వెళ్లాను. మాటలాగిపోయాయి. సూపర్‌వైజర్ ఒక కుర్చీ కాలితో నావైపు తోసింది. డబ్బా మూత తీసి బల్ల మధ్యలో పెట్టాను. ఇంటి దగ్గర చేసినవి, కారం కొంచెం ఎక్కువ అన్నాను. ఒకతను కొరికి, దగ్గి, కళ్లు తుడుచుకుని ఇంకోటి తీసుకున్నాడు. ఆ తర్వాత బల్ల చుట్టూ కరకర తప్ప ఏమీ వినిపించలేదు. నేను వాళ్ల కప్పొకటి తీసుకుని, వాళ్ల వేడినీళ్లు పోసుకుని, నా టీ పొట్లం అందులో వేసుకున్నాను. వేడినీళ్లు కాఫీ కిందకు రావని అక్కడికక్కడే నాకు నేను తీర్పు చెప్పుకున్నాను.

“నిన్న కప్పుల సంగతి మీరనుకున్నది కాదు” అని సూపర్‌వైజర్‌తో అన్నాను. మా సారు సంగతీ, కాఫీ సంగతీ, ఎండల్లో నీళ్ల సీసా సంగతీ చెప్పాను. ఆవిడ పెద్దగా నవ్వింది. “అయితే మేమంటే ఇష్టం లేక కాదన్నమాట!” అంది. గదిలో గాలే మారిపోయింది.

రగ్బీ మాటలూ గాలి మాటలూ అయ్యాక నా చూపు గోడ మీద తెల్లబోర్డుకు వెళ్లింది. శుక్రవారం బార్బెక్యూ అని పెద్ద అక్షరాలతో రాసి, పక్కన సాసేజీ బొమ్మ వేశారు. అదేమిటని అడిగాను. ఏ నెలలో ఒక్క ప్రమాదం గానీ నియర్ మిస్ గానీ రిపోర్టు కాకపోతే ఆ నెల చివర కంపెనీ అందరికీ బార్బెక్యూ, అంటే ఆరుబయట కాల్చి వడ్డించే విందు, పెడుతుందట. ఇళ్ల నుంచి పిల్లలు కూడా వస్తారట. హెడ్డాఫీసు తెచ్చిన పథకం. చెప్తున్నవాళ్ల మొహాల్లో సంతోషం చూసి నాకూ ముచ్చటేసింది. ఆ ముచ్చట్లోనే ఒక ప్రశ్న నోట్లోకి వచ్చింది.

“ఎప్పుడైనా ఆగిందా?”

కరకర ఆగిపోయింది. ఎవరూ నావైపు చూడలేదు. అందరూ బల్ల చివర కూర్చున్న గడ్డం డ్రైవరు వైపు చూసి, వెంటనే చూపులు తిప్పుకున్నారు. నాకు గబగబా ఇంకో ప్రశ్న వేయాలనిపించింది. వేయలేదు. నోరు మూసుకుని కూర్చోవడం నాలాంటిదానికి ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్లని అడగండి. కప్పు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

“ఒకసారి ఆగింది, రెండేళ్ల కిందట. నావల్లే” అన్నాడు గడ్డం డ్రైవరు చివరికి. ఆ మలుపు దగ్గర ఎదురొచ్చిన బండిని తప్పించబోయి కిందకు దూకాడు, చీలమండ మెలిపడింది. రూలు ప్రకారం రాసిచ్చాడు. ఆ నెల బార్బెక్యూ లేదన్నారు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. “కానీ చాలా రోజులు ఈ బల్ల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు” అన్నాడు.

సూపర్‌వైజర్ తల దించుకుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు. మలుపు దగ్గర ఎన్నిసార్లు తప్పిందో, పై అరలోంచి వెన్న పెట్టెలు ఎలా జారాయో, పనిలో కొత్తగా చేరిన ఒక పిల్ల తలకి జానెడు దూరంలో ఏం పడిందో చెప్పారు. అందరికీ తెలుసు. తోటివాళ్ల పిల్లల బార్బెక్యూ చెడగొట్టడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. ఇందులో దొంగతనం లేదు, మోసం లేదు. ఒకళ్లంటే ఒకళ్లకి ఉన్న ప్రేమే నోళ్లు మూయించింది. నేను కలం తీయలేదు. “నేను ఆడిటర్ని. ఇది నేను రాయాలి. ఎవరు చెప్పారో రాయను, ఏం చెప్పారో మాత్రం రాస్తాను” అన్నాను.

“బార్బెక్యూ తీసేస్తారా?” అని అడిగింది సూపర్‌వైజర్.

“తీయనివ్వను” అన్నాను. అలా మాటివ్వడానికి నాకేం అధికారం ఉందో నాకే తెలియదు.

ఆక్లండ్ తిరిగొచ్చి చెప్తే బాస్ పెదవి విరిచాడు. “ఇవి టీ బల్ల కబుర్లు. సాక్ష్యం కాదు. కమిటీ ముందు ఇవి నిలబడవు” అన్నాడు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. అది నాకు ఇంకా మంటగా అనిపించింది. సరే, సాక్ష్యమే కావాలి కదా అనుకుని కూర్చున్నాను. బార్బెక్యూ పథకం ఏయే డిపోల్లో ఏయే నెలలో మొదలైందో తీశాను. ఆ డిపోల్లో రిపోర్టులు ఎలా ఉన్నాయో ఒక గీత గీశాను. మరమ్మతులు ఎలా ఉన్నాయో పక్కన ఇంకో గీత గీశాను. పథకం మొదలైన ప్రతిచోటా మొదటి గీత నేలకు పడిపోయింది. రెండో గీత మాత్రం ఎక్కడా దిగలేదు. పథకం లేని డిపోల్లో రెండు గీతలూ కలిసే నడిచాయి. డైనింగ్ టేబుల్ దగ్గర ఆ బొమ్మ తెర మీద కనిపించగానే నేను గట్టిగా అరిచాను. మా అమ్మాయి కార్టూన్ ఆపి పరిగెత్తుకొచ్చింది.

మా ఆయన ఆ గీతలు చూసి, “సూపర్” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “కానీ ఈ స్కీమ్ పెట్టింది హెడ్డాఫీసేగా? ఆ రూంలో వాళ్లే కూర్చుంటారు. అప్లికేషన్ మధ్యలో ఉంది మనది. కొంచెం సాఫ్ట్‌గా చెప్పొచ్చేమో చూడు” అన్నారు.

ఆయన భయం నాకూ ఉంది. రాకులు వంగిన ఆ మలుపు కూడా నా కళ్ల ముందే ఉంది. “సాఫ్ట్‌గా చెప్పి ఉద్యోగం నిలబెట్టుకుంటే, ఆ పిల్ల మీద ఏదైనా పడ్డాక నేనా ఉద్యోగం చేయగలనా?” అన్నాను. ఆయన లేచి వంటింట్లోకి వెళ్లారు. ఇడ్లీలు వేడిచేసి తెచ్చి నా ముందు పెట్టారు.

కమిటీ గది కిటికీల్లోంచి హార్బరు కనిపిస్తుంది. నేను దాన్ని చూడలేదు. కమిటీకి అధ్యక్షురాలు తెల్లజుట్టు పెద్దావిడ, మాట తక్కువ. పథకం తెచ్చిన పెద్దమనిషి నా ఎదురుగానే కూర్చున్నాడు. బాస్ నా పక్కన, ఎప్పటిలాగే కుర్చీ అంచున. నేను ముందు రంగుల తెర చూపించాను. ఆకుపచ్చ డిపో దగ్గర ఆపి, ఆ తర్వాత రెండు గీతలు చూపించాను.

“మన అత్యుత్తమ డిపో నిజానికి అన్నిటికంటే ప్రమాదకరమైనదంటున్నావా?” అని అడిగింది పెద్దావిడ.

“కాదండీ. అది ఎంత ప్రమాదకరమో నాకు తెలియదు. మీకూ తెలియదు. తెలియకుండా ఉండటానికి మనమే డబ్బు పెట్టి బార్బెక్యూలు పెడుతున్నాం. అదే నేను కనిపెట్టింది.”

పెద్దమనిషి మొహం కందగడ్డలా అయింది. ఆ పథకం మంచి ఉద్దేశంతో పెట్టామని మొదలుపెట్టాడు. “ఉద్దేశం మంచిదే” అన్నాను. “బార్బెక్యూ ఆపకండి. ప్రమాదం లేని నెలకి కాదు, తప్పిపోయిన ప్రమాదాన్ని ఎక్కువమంది చెప్పిన నెలకి పెట్టండి. ఆ మలుపు మాత్రం ఈ వారమే సరిచేయండి. కొన్నాళ్లు మీ తెరంతా ఎర్రబడుతుంది. అప్పుడు ఎవర్నీ తిట్టకండి.”

అప్పుడు పెద్దావిడ పథకం పెద్దమనిషి వైపు తిరిగి, “ఆ మలుపు గురించి ఈ వారమే నాకు కబురు రావాలి” అంది. తర్వాత నావైపు తిరిగి, “ఇది తెర మీద కనిపించేది కాదు. ఎలా పట్టుకున్నావు?” అని అడిగింది.

“వాళ్లతో కూర్చుని టీ తాగాను.”

ఆవిడ నవ్వింది. అప్పుడు గదంతా నవ్వింది, ఆ పెద్దమనిషి కూడా. మా బాస్ ఆ రోజు మొట్టమొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. బయటికొచ్చాక వరండాలో ఆపి, “కొత్త ఉద్యోగానికి అర్హతలు రాసింది నేనే. అందులో సగమే రాశాను. మిగతా సగం నువ్వు రాసిపెట్టు. రాసి, నీ పేరుతోనే దరఖాస్తు పెట్టు” అన్నాడు. చేయి చాపాడు. నేను గట్టిగా ఊపాను. తర్వాత వాష్‌రూముకి వెళ్లి, ఎవరూ లేరని చూసుకుని, అద్దం ముందు ఒక గంతు వేశాను. న్యూ లిన్ వచ్చేదాకా రైల్లో నా మొహం మీద నవ్వు పోలేదు. ఎదుటి సీటు కాలేజీ అమ్మాయి నన్ను చూసి సీటు మారిపోయింది.

ఆ సగం నేను రాశాను. యంత్రం చూపించేది చదవడం రావాలి, చూపించనిది ఎవరిని అడగాలో తెలియాలి, అడిగాక ఊరుకోవడం రావాలి అని రాశాను. ఆ ఉద్యోగం నాకే వచ్చింది. వేసవిలో రెసిడెన్సీ కూడా వచ్చింది. హాబ్సన్‌విల్ ఐటీ ఆయనకు ఆ కబురు నేనే ఫోన్ చేసి చెప్పాను. అలా చేయకుండా ఉండాల్సింది అంటారు మా ఆయన. నేనైతే అలా అనుకోను.

కొన్ని నెలలకి పామర్‌స్టన్ నార్త్ డిపో తెర మీద ఎర్రగా వెలిగింది. రిపోర్టులే రిపోర్టులు. ఒకప్పుడైతే హెడ్డాఫీసులో గగ్గోలు పుట్టేది. మా బాసే ఆ తెర ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టి, కింద అభినందనలు అని రాశాడు. ఆ నెల బార్బెక్యూకి రమ్మని సూపర్‌వైజర్ పిలిచింది. అప్పటికి నా ఆడిట్ ముగిసింది, రిపోర్టు మూసేశాం. అమ్మాయినీ ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్లాను. మలుపు దగ్గర పెద్ద గుండ్రటి అద్దం పెట్టారు. మనుషులు నడవడానికి వేరే దారి పసుపురంగుతో గీశారు. పెనం దగ్గర పటకారు పట్టుకుని గడ్డం డ్రైవరు నిలబడ్డాడు. ఆ నెల ఎక్కువ రాసిచ్చింది అతనేనట. చుట్టూ జనం, అతని పక్కన చోటే లేదు. అది చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అని చెప్పాను.

అతను కాల్చిన మొక్కజొన్న కంకి ఒకటి నా చేతిలో పెట్టాడు. వెన్న కారుతోంది. నేనూ పిల్లలందరితోపాటు గడ్డి మీద కూర్చుని, ఒక్క గింజ మిగల్చకుండా తిన్నాను. “These people like you” అంది మా అమ్మాయి, నమ్మలేనట్టు.

ఆ సాయంత్రమే విజయవాడ ఫోన్ చేశాను. సారు గొంతు బలహీనపడింది గానీ అధికారం తగ్గలేదు. కథంతా మొదటినుంచీ చెప్పాను. మధ్యలో ఒక్కసారీ అడ్డురాలేదు. అయ్యాక అడిగారు.

“అమ్మాయ్, వాళ్ల దగ్గర ఏమైనా తిన్నావా?”

“మొక్కజొన్న కంకి తిన్నానండీ.”

“ఆడిట్ ముగిశాకేగా?”

“ముగిశాకే సార్.”

“అయితే ఇంకోటి తినాల్సింది” అన్నారు.